పన్ను వచ్చిందా, పళ్ళు మొలకెత్తాయా?

సందేహం: మా పాపకు ఆరు నెలలు నిండి వారమైంది. నిన్న చెంచా కింది చిగురుకు తగిలి టక్కుమంటే వేలు పెట్టి చూశాను. తెల్లని మొన ఒకటి తగిలింది. గుర్తుగా ఉంటుందని నోటుపుస్తకంలో ‘పాపకు ఆరో నెలలో పళ్ళు మొలకెత్తడం ప్రారంభమైంది’ అని రాసుకున్నాను. మా అత్తగారు చదివి ‘ఇదేం తెలుగమ్మా?’ అన్నారు. ఇందులో తప్పేమిటి? ఈ దశకు తెలుగులో ప్రత్యేకమైన పేరేమైనా ఉందా?

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణదోషం లేదు. ఏ మాటకామాట విడిగా తీసి చూస్తే అన్నీ మంచి మాటలే. అయినా మీ అత్తగారి చెవికి తగిలిన ఎబ్బెట్టు నిజమైనదే. అది ఒకచోట కాదు, నాలుగు చోట్ల ఉంది.

మొదటిది ‘ఆరో నెల’. ఐదు నెలలు నిండిన మర్నాటి నుంచి ఆరు నిండేదాకా నడిచేది ఆరో నెల. మీ పాపకు ఇప్పుడు ఏడో నెల నడుస్తున్నది. మాటల్లో ఈ తేడా ఎవరూ పట్టించుకోరు గాని, రాతలో, అందునా డాక్టరుకు చెప్పేటప్పుడు, ‘నిండాయి’ అన్న మాట ఉంటే ఏ గొడవా ఉండదు. మొదటి పన్ను సాధారణంగా ఆరు నెలల ప్రాంతంలో వస్తుంది. నాలుగు నెలలు నిండగానే వచ్చే పిల్లలూ ఉన్నారు, ఏడాది దగ్గరపడేదాకా బోసినోటితో నవ్వే పిల్లలూ ఉన్నారు. కాబట్టి పిల్లలందరి గురించి చెప్పేటప్పుడు ‘ఆరో నెలలో పళ్ళు వస్తాయి’ అని గిరిగీసినట్టు రాయడం కంటే ‘ఆరు నెలలకు అటూ ఇటూగా’ అనడం భాషకూ బాగుంటుంది, వాస్తవానికీ దగ్గరగా ఉంటుంది.

రెండోది ‘పళ్ళు’. మీకు కనబడింది ఒక్కటే కదా! ఒక్కటైతే ‘పన్ను’. ఈ మాట కథ కొంచెం విప్పి చెప్పాలి. దీని పాత రూపం ‘పలు’, ‘పల్లు’. తమిళంలో ‘పల్’, మలయాళంలో ‘పల్లు’, కన్నడంలో పకారం హకారమై ‘హల్లు’. తెలుగులోనూ ‘పలువరుస’ అన్న సమాసంలో ఆ పాత రూపమే నిలిచింది. ‘పందుంపుల్ల’ అని మనం నలిపి పలికేది నిజానికి ‘పలుదోముపుల్ల’. తెలంగాణలో చాలామంది ఇప్పటికీ ఏకవచనంలో ‘పల్లు’ అనే అంటారు. అది పాతమాటే తప్ప తప్పుమాట కాదు. ‘కన్ను – కంటి – కండ్లు’ నడిచిన దారిలోనే ‘పన్ను – పంటి – పండ్లు’ నడిచింది. ‘కండ్లు’ కళ్ళయినట్టే ‘పండ్లు’ పళ్ళయ్యాయి. చెట్టున కాసే పండుకు కూడా బహువచనం అదే కావడంతో, రెండూ ఒకే మాట నుంచి వచ్చాయని, నోట్లో కాసిన పండ్లు కనుక పళ్ళు అన్నారని కొందరు వ్యుత్పత్తి చెబుతుంటారు. వినడానికి ముచ్చటగా ఉంటుంది గాని నిజం కాదు. తమిళంలో పన్ను ‘పల్’, పండు ‘పళం’. కన్నడంలో పన్ను ‘హల్లు’, పండు ‘హణ్ణు’. రెండు వేర్వేరు ధాతువులు తెలుగు బహువచనంలో వచ్చి కలుసుకున్నాయి, అంతే.

ఏకవచనంలో మరో చిక్కు ఉంది. ప్రభుత్వానికి కట్టేదీ ‘పన్ను’ అయింది. అయితే దాని బహువచనం ‘పన్నులు’. విభక్తి చేరేటప్పుడు కూడా అది మారదు, ‘పన్ను ఎగవేత’ అంటామే గాని ‘పంటి ఎగవేత’ అనము. నోటిలోని పన్ను మాత్రం ఔపవిభక్తికం, అంటే విభక్తి చేరే ముందు రూపం మారే మాట, కనుక ‘పంటి’ అవుతుంది: పంటినొప్పి, పంటి కింద రాయి. ‘పన్ను నొప్పి’ వాడుకలో లేదనను. కాకపోతే అది విన్నప్పుడల్లా నాకు ఆదాయపు పన్నే గుర్తుకొస్తుంది.

‘దంతాలు’ అని రాస్తే తప్పా అని కొందరు అడుగుతారు. తప్పేమీ లేదు. దంతవైద్యుడు, జ్ఞానదంతం వంటి సమాసాల్లో అదే ఒదుగుతుంది. విడిగా ‘దంతం’ అంటే మాత్రం తెలుగువాడి కంటికి ముందు ఏనుగు కనబడుతుంది. ఆరు నెలల పాప విషయంలో ఆ బరువు ఎందుకు?

అన్నింటికంటే ముఖ్యమైనది మీ క్రియ. పళ్ళు ‘మొలుస్తాయి’, ‘మొలకెత్తవు’. మొలకెత్తేవి విత్తనాలు. కొమ్ములు, రెక్కలు, వెంట్రుకలు, పళ్ళు మొలుస్తాయి. మొలక ఎత్తడమంటే గింజ పగిలి అంకురం పైకి లేవడం. మొలవడమంటే లోపల ఉన్నది పైకి పొడుచుకు రావడం. పిల్లల పళ్ళ విషయంలో రెండోదే జరుగుతుంది, ఎందుకంటే పుట్టేనాటికే పాలపళ్ళు చిగుళ్ళ లోపల ఏర్పడుతూ ఉంటాయి. పన్ను చుట్టూ ఉండే కండను ‘చిగురు’ అన్నవాళ్ళు కొమ్మ చివర లేతాకునూ ‘చిగురు’ అనే అన్నారు. ఆ పోలికకు ‘మొలవడం’ చక్కగా అమరింది. ఇంకొక మాట. ‘మొలచడం’ అని రాయకండి. పిలుచు – పిలవడం, గెలుచు – గెలవడం లాగే మొలుచు – మొలవడం. ఈ మధ్య కొన్ని ఆరోగ్య వ్యాసాల్లో ‘దంతాల విస్ఫోటనం’ అని కూడా చదివాను. విస్ఫోటనం చెందేవి అగ్నిపర్వతాలు, బాంబులు. పసిపిల్ల నోట్లో అవి లేవు.

‘ప్రారంభమైంది’ గురించి ఎక్కువ చెప్పను. సభలూ సమావేశాలూ ప్రారంభమవుతాయి. ఇంట్లో ‘మొదలైంది’ చాలు, చాలాసార్లు అదీ అక్కరలేదు.

ఇక ఈ దశకు పేరు. ఆయుర్వేద గ్రంథాల్లో ‘దంతోద్భేదం’ ఉంది. శాస్త్రవ్యాసానికి అది పనికొస్తుంది. ఇంటి తెలుగులో పేరు ‘పళ్ళు రావడం’. చిగురు ఉబ్బి, చొల్లు కారి, చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటున్నప్పుడు, ఏ పన్నూ కనబడకముందే ‘పళ్ళొస్తున్నాయి’ అంటాం. మొన బయటపడ్డాక ‘పన్ను వచ్చింది’, ‘పన్ను మొలిచింది’ అంటాం. వర్తమానంలో బహువచనం, భూతంలో ఏకవచనం: ఈ సూక్ష్మం ఎవరూ నేర్పకుండానే మనకు పట్టుబడింది. అయితే ‘పళ్ళొచ్చే జ్వరం’ అన్న మాట వాడేటప్పుడు జాగ్రత్త. అందులో జ్వరానికి పళ్ళే కారణమన్న అర్థం ధ్వనిస్తుంది. ఎక్కువ జ్వరం పళ్ళ వల్ల రాదని వైద్యులు చెబుతారు. ‘పళ్ళొచ్చే వయసులో జ్వరం’ అంటే ఆ పొరపాటుకు తావుండదు.

‘పాలపళ్ళు’ పాలు తాగే వయసు పళ్ళు. ‘పాలబుగ్గలు’లో లాగే పాలు ఇక్కడ పసితనానికి గుర్తు. దాదాపు మూడేళ్ళకు ఇరవయ్యీ వస్తాయి, ఆరేళ్ళ ప్రాంతంలో ఊడడం మొదలై, ఊడినచోట మళ్ళీ మొలుస్తాయి. అమరకోశం అనే సంస్కృత నిఘంటువు ‘ద్విజ’ (రెండుసార్లు పుట్టినది) శబ్దానికి విప్రుడు, పక్షి అన్న అర్థాలతో పాటు పన్ను అన్న అర్థమూ చెప్పింది అందుకే. ఒక్క పన్నూ లేకపోతే ‘బోసి’, నడుమ ఒకటి రెండు ఊడితే ‘తొర్రి’. ఆ రెండో మాటతో మీకు ఇంకా ఆరేళ్ళదాకా పనిలేదు.

పుస్తకంలో ఇలా దిద్దుకోండి: ‘పాపకు ఆరు నెలలు నిండిన వారానికి కింది చిగురున మొదటి పన్ను వచ్చింది.’ సాధారణంగా దాని పక్కదీ కొద్దిరోజుల్లోనే కనబడుతుంది. ‘పళ్ళు’ అన్న మాట అప్పుడు రాసుకోవచ్చు.