అడిగారు కాబట్టి: పది కిలోమీటర్ల థర్మల్ కెమెరా

నిఘా వాహనాల మీద బిగించే దూరపు థర్మల్ కెమెరాల (వెలుతురుని కాక వస్తువుల వేడిని చూసేవి) గురించి ఈసారి ఉత్తరాలు చాలా వచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, ఎక్కువ మంది అడిగినవి తీసుకుంటున్నాను.

ప్రశ్న: ఒక వీడియోలో సైన్యం స్కౌట్ (ముందు వెళ్ళి జాడ తీసే) వాహనం మీద ఉన్న థర్మల్ కెమెరా రేంజ్ 10 కిలోమీటర్లు అన్నారు. అంత దూరంలో వస్తున్నది మనవాడో శత్రువో కూడా తెలిసిపోతుందా సార్? (ఇంజనీరింగ్ విద్యార్థి, గుంటూరు)

జవాబు: తెలియదు. ఆ 10 అనే అంకె దగ్గరే అందరూ బోల్తా పడతారు, అమ్మేవాళ్ళకి కావలసిందీ అదే. కెమెరా "చూడటం"లో మూడు మెట్లున్నాయి. అక్కడ ఏదో ఉందని పసిగట్టడం మొదటిది, అది ట్యాంకా లారీయా అని పోల్చుకోవడం రెండోది, ట్యాంకే అయితే ఏ రకం, ఎవరిది అని తేల్చుకోవడం మూడోది. జాన్ జాన్సన్ అనే అమెరికన్ సైన్య పరిశోధకుడు 1958లో వీటికి లెక్క కట్టాడు. ఇప్పటి డిజిటల్ భాషలో చెప్పాలంటే ఆ వస్తువు మీద ఒక వరసలో రెండు పిక్సెళ్ళు పడితే పసిగట్టవచ్చు, ఎనిమిది పడితే పోల్చుకోవచ్చు, పదమూడు దాకా పడితే తేల్చుకోవచ్చు. అదీ సగం సార్లు మాత్రమే! ఆ అంకెలన్నీ యాభై శాతం అవకాశానికి చెప్పినవి.

మీరు ఇంజనీరింగ్ కాబట్టి చేసి చూడండి. లెన్సు ఫోకల్ లెంగ్త్ 300 మిల్లీమీటర్లు, పిక్సెల్ సైజు 15 మైక్రాన్లు అనుకుందాం. 10 కిలోమీటర్ల దగ్గర ఒక్కో పిక్సెల్ అర మీటరు మేర కప్పుతుంది. ట్యాంకుని ఈ లెక్కల్లో 2.3 మీటర్ల చదరంగా తీసుకుంటారు, అంటే మొత్తం ట్యాంకు మీకు అడ్డంగా నాలుగైదు, నిలువుగా నాలుగైదు చుక్కలు. ఏదో ఉందని తెలుస్తుంది, అంతే. ట్యాంకని పోల్చుకోవాలంటే దాదాపు 5.7 కిలోమీటర్లకి రావాలి, ఎవరిదో తేల్చాలంటే మూడున్నర. మనిషైతే 10 కిలోమీటర్ల దగ్గర వెడల్పులో ఒకే ఒక్క చుక్క.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. 1991 గల్ఫ్ యుద్ధంలో, ఫిబ్రవరి 26న ఇరాక్ ఎడారిలో ఇసుక తుపాను రేగినప్పుడు, ముందు నడుస్తూ దారి చూసే అమెరికన్ 2వ ఆర్మర్డ్ కావల్రీ రెజిమెంట్ థర్మల్ సైట్లతో (గురి చూసే థర్మల్ కెమెరాలతో) ఇరాకీ ట్యాంకులని ముందుగా చూసి కొట్టింది. అవతలి ట్యాంకులకి అలాంటి సైట్లు లేవు. ఆ పోరుని 73 ఈస్టింగ్ అంటారు, అందరూ చెప్పుకునే కథ. కానీ అదే యుద్ధంలో పోరులో చనిపోయిన 148 మంది అమెరికన్లలో 35 మంది సొంతవాళ్ళ కాల్పుల్లోనే పోయారు. అన్నిటికీ కారణం కెమెరాలే అనను గానీ, కాల్చగలిగే దూరం ఎవరిదో తేల్చుకోగలిగే దూరాన్ని దాటిపోయిందన్నది మాత్రం సైన్యానికి గట్టిగా తగిలింది. తర్వాత అమెరికన్ స్కౌట్ల హమ్వీల (సైన్యపు జీపుల్లాంటివి) మీదకి వచ్చిన దూరపు నిఘా పరికరం ఎల్‌ఆర్‌ఏఎస్3లో రెండో తరం థర్మల్ కెమెరాతో పాటు లేజర్ రేంజ్‌ఫైండర్, జీపీఎస్ కూడా పెట్టారు, ఎంత దూరంలో ఉందో, ఆ చోటు మ్యాపులో ఎక్కడో కూడా అదే చెబుతుంది. ఈసారి వీడియోలో రేంజ్ అంటే ఈ మూడు మెట్లలో ఏ మెట్టుకో అడగండి, కామెంట్లలో ఎవరూ జవాబివ్వరు చూడండి.

ప్రశ్న: మా అబ్బాయి సైన్యంలో ఉన్నాడు. రాత్రి డ్యూటీలో కెమెరా ఆన్ చేశాక చల్లబడేదాకా ఆగాలి అంటాడు. వేడిని చూసే యంత్రం చల్లబడటమేంటండీ? (గృహిణి, నిజామాబాద్)

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పింది నిజమే. వెచ్చగా ఉన్న ప్రతిదీ పరారుణ కిరణాలు వదులుతుంది, మనిషీ, ఇంజనూ, బండరాయీ, ఆఖరికి ఆ కెమెరా కూడా. పెళ్ళి పందిట్లో బాజాలు మోగుతుంటే పక్కవాళ్ళ గుసగుస వినబడుతుందా? కెమెరా లోపల ఆ కిరణాలని పట్టుకునే డిటెక్టర్ పరిస్థితి అదే, తన వేడే తనకి గోల. అందుకని దాన్ని సుమారు మైనస్ 196 డిగ్రీలకి, అంటే ద్రవ నైట్రోజన్ అంత చల్లగా దించుతారు. లోపల స్టిర్లింగ్ కూలర్ అని అరచేతిలో పట్టేంత ఫ్రిజ్ లాంటిది ఉంటుంది, అది పని పూర్తి చేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, సన్నగా రొద కూడా చేస్తుంది. కొన్ని వేల గంటలు తిరిగాక అరిగిపోతుంది, మార్చాలి.

చల్లబరచనక్కర్లేని రకాలూ ఉన్నాయి. కోవిడ్ రోజుల్లో ఎయిర్‌పోర్టుల్లో మన నుదుళ్ళ మీదకి తిప్పినవి చాలావరకు అవే. చవక, వెంటనే పనిచేస్తాయి. కానీ పది కిలోమీటర్ల పనికి వాటికి బిందె మూతంత లెన్సు కావాలి, వాహనం మీద దాన్ని ఎక్కడ పెడతారు?

ప్రశ్న: సినిమాల్లో చూపించినట్టు గోడ వెనకాల మనిషి కూడా కనబడతాడా? (కాకినాడ)

జవాబు: కనబడడు. గోడ ఉపరితలం ఎంత వెచ్చగా ఉందో అదే కనబడుతుంది. గోడ దాకా ఎందుకు, కిటికీ అద్దం వెనక ఉన్నా కనబడడు, మామూలు గాజు ఈ కిరణాలని వెళ్ళనివ్వదు. అందుకే ఈ కెమెరాల లెన్సులు గాజుతో కాకుండా జెర్మేనియంతో చేస్తారు. ఆ లెన్సులో నుంచి మన కంటికి ఏమీ కనబడదు, అద్దంలా మెరుస్తుందంతే.

ప్రశ్న: మంచు, వాన, మా ఊరి ఉక్కపోతలో కూడా ఇది పనిచేస్తుందా? మా ఊళ్ళో తయారయ్యేది ఇదేనా? (మచిలీపట్నం)

జవాబు: రెండో దానికి ముందు. మీ ఊరి ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది, అప్పటి నుంచి రాత్రి చూపు పరికరాలకి ఆ యూనిట్ పేరు. పక్కనే నిమ్మలూరులో కొత్త ఫ్యాక్టరీని 2025 అక్టోబరులో ప్రారంభించారు. ఇక ఈ చూపు కావలసిన, సైనికులని మోసే బీఎంపీ-2 కవచ వాహనాలు సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో తయారయ్యాయి. కాబట్టి ఇది మనకి మరీ పరాయి విషయం కాదు.

ఉక్కపోత సంగతి. గాల్లో ఈ కిరణాలకి రెండు దారులే తెరుచుకుని ఉంటాయి, తరంగదైర్ఘ్యం 3 నుంచి 5 మైక్రాన్లు ఉన్నది ఒకటి, 8 నుంచి 12 ఉన్నది ఇంకొకటి. తేమ ఎక్కువున్న తీరంలో మొదటిది మెరుగు, దుమ్మూ పొగా ఉన్నచోట రెండోది. దట్టమైన పొగమంచు, జోరువాన వస్తే రెండూ చతికిలబడతాయి. ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ చెప్పరు: పొద్దున, సాయంత్రం కొంతసేపు వాహనమూ దాని వెనక నేలా ఒకే వేడికి వస్తాయి. అప్పుడు ఎంత ఖరీదైన కెమెరా అయినా బొమ్మ వెలవెలబోతుంది, ట్యాంకు నేలలో కలిసిపోతుంది. ఇంజన్ నడుస్తుంటే మాత్రం దొరికిపోతుంది.

ప్రశ్న: కొన్ని వాహనాల మీద కెమెరాని పొడుగాటి స్తంభం మీద పెడతారు. దూరం నుంచి శత్రువుకి కనబడదా? (కర్నూలు)

జవాబు: కనబడొచ్చు, కానీ పెట్టకపోతే వీళ్ళకే ఏమీ కనబడదు. భూమి గుండ్రంగా ఉందన్న సంగతి ఇక్కడ పనికొస్తుంది. చదునైన నేల మీద రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి చూస్తే నేల అంచు ఐదున్నర కిలోమీటర్లకే అయిపోతుంది, 10 మీటర్లు ఎత్తితే 11 దాటుతుంది. కెనడా వాళ్ళ కొయోటీ వాహనానికి సరిగ్గా 10 మీటర్ల స్తంభం ఉండేది, దాని మీద థర్మల్ కెమెరా, రాడార్. వాహనం గుట్ట వెనక దాక్కుంటే స్తంభం తల మాత్రమే పైకి వస్తుంది. అదీ వద్దనుకుంటే కెమెరాని స్టాండు మీద పెట్టి, 200 మీటర్ల దాకా కేబుల్ లాగి, వాళ్ళు వాహనంలో కూర్చుని చూసుకునే ఏర్పాటూ ఉంది. నాకైతే అదే తెలివైన పని అనిపిస్తుంది, ఎందుకంటే స్తంభం గాలికి ఊగుతుంది. ఒక్క డిగ్రీ ఊగినా 10 కిలోమీటర్ల దూరంలో మీరు చూస్తున్న చోటు 175 మీటర్లు పక్కకి జరిగిపోతుంది.