విప్లవం మీద తిరుగుబాటు

సందేహం: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. సాంఘికశాస్త్రం పరీక్షలో ‘ఫ్రెంచి తిరుగుబాటుకు కారణాలు’ అని రాస్తే మాస్టారు గీత కొట్టి ‘విప్లవం’ అని దిద్దారు, అర మార్కు కోశారు. రాజు మీద జనం తిరగబడడమేగా, తేడా ఏముంది? మా అత్తవారిది చింతపల్లి వైపు. అక్కడ పెద్దవాళ్లు ‘పితూరీ’ అంటారు. అది వేరా? ఫలితం, పర్యవసానం ఒకటేనా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం: మాస్టారు దిద్దడం సబబే. నేనైతే మార్కు కోసేవాణ్ని కాదు. పత్రికలు రాసేవాళ్లే ఈ తేడా పాటించనప్పుడు తొమ్మిదో తరగతి పిల్లను ఏమంటాం?

పక్కన వచ్చే క్రియను పట్టుకోండి, తేడా దొరుకుతుంది. తిరుగుబాటు ‘చేస్తారు’, విప్లవం ‘వస్తుంది’. తిరుగుబాటుకు ఎదుట ఒకరుండాలి: రాజు మీద, జమీందారు మీద, దొర మీద. ‘రాజు మీద విప్లవం’ అని చూడండి, చెవికి ఆనదు. 1780లో మన విశాఖలోనే కంపెనీ సిపాయిలు, ఓడెక్కి మద్రాసు పొమ్మంటే ఎదురుతిరిగారు. అది తిరుగుబాటు. ఓడిపోయింది కాబట్టి తిరుగుబాటు అయిందనుకోకండి. అన్నను దించి తమ్ముడు గద్దెనెక్కితే అది గెలిచిన తిరుగుబాటు, అంతే. అసలు గద్దె ఎందుకన్న ప్రశ్న పుట్టి, పాత ఏర్పాటంతా తలకిందులైతేనే విప్లవం.

ఫ్రాన్సులో మొదట గద్దె జోలికి ఎవరూ పోలేదు. అమెరికా యుద్ధానికి సాయం చేసి ఖజానా అప్పుల్లో మునిగింది. మతాధికారులకూ ప్రభువులకూ చాలా పన్నుల నుంచి మినహాయింపు, బరువంతా మూడో వర్గం మీద, అంటే మిగిలిన సామాన్య జనం మీద. ఉప్పు మీద కూడా పన్నే. 1788లో వడగళ్ల వాన, పాడైన పంట, ఆపై గడ్డు చలికాలం. రొట్టె ధర కూలివాడికి అందకుండా పోయింది. కొత్త పన్నులకు ఒప్పుకోలు కావాలని 16వ లూయీ, 1614 తర్వాత ఎన్నడూ కూడని ఎస్టేట్స్ జనరల్ సభను, అంటే ఈ మూడు వర్గాల ప్రతినిధుల సభను, 1789 మేలో కూర్చాడు. వోటు తలకొకటా, వర్గానికొకటా అన్న దగ్గర పేచీ వచ్చి, జూన్ 17న మూడో వర్గం తానే జాతీయ సభనని ప్రకటించుకుంది. జులై 14న పారిస్ జనం బాస్టిల్ కోట పట్టుకున్నారు. లోపల దొరికిన ఖైదీలు ఏడుగురే. కబురు విని లూయీ ‘తిరుగుబాటా?’ అన్నాడనీ, ‘కాదు ప్రభూ, విప్లవం’ అని ఒక ప్రభువు జవాబిచ్చాడనీ ఒక కథ చెబుతారు. ఆ ప్రభువుగారు వ్యాకరణం బాగా చదివినట్టున్నారు.

ఆ ఒక్క విప్లవంలో తిరుగుబాట్లు చాలా ఉన్నాయి. రొట్టె కోసం వెర్సాయికి నడిచిన ఆడవాళ్లది 1789 అక్టోబరులో, రాజభవనం మీద పడ్డ జనానిది 1792 ఆగస్టులో. ఆ సెప్టెంబరులో రాచరికం రద్దయింది, 1793 జనవరి 21న లూయీ తల తెగింది. రెండు నెలలు తిరగకుండానే వాందే ప్రాంతపు రైతులు, సైన్యంలోకి రమ్మన్న కొత్త ప్రభుత్వం మీద రాజు పేరా, చర్చి పేరా తిరగబడ్డారు. దీన్ని తెలుగులో ఏమనాలి? ‘విప్లవం మీద తిరుగుబాటు’. రెండూ ఒకటే అయితే ఈ మాట పుట్టేదే కాదు.

విప్లవానికి సంస్కృతంలో ఉపద్రవం, అల్లకల్లోలం అనే అర్థాలే ముందు. మెచ్చుకోలు అర్థం మొన్నమొన్నటిది. ఇప్పుడు సబ్బుల ప్రకటనల్లో కూడా విప్లవమే నురుగు కడుతోంది.

ఇక పితూరీ. ఉర్దూ మీదుగా వచ్చిన అరబ్బీ మాట. అర్థం ప్రకారం తిరుగుబాటే, పైగా కుట్ర, అల్లరి అనే మచ్చ కూడా ఉంది. మన్యంలో కొండవాళ్లు ఎదురుతిరిగినప్పుడల్లా సర్కారు ఆ పేరు పెట్టింది. సర్కారు అండ ఉన్న స్థానిక దొర మున్సబుదారు ఆగడాల మీద, కల్లు మీద వేసిన చిగురుపన్ను మీద 1879లో రంపలో రేగింది గూడెం కొండల దాకా పాకింది. పోడు కొట్టనివ్వని అటవీ చట్టాలు, రోడ్డు పనుల్లో వెట్టి కలిసి 1922లో అల్లూరి సీతారామరాజు వెనక జనాన్ని నడిపించాయి. ఆ ఆగస్టు 22న మొదట పట్టుకున్న ఠాణా మీ చింతపల్లిదే. సర్కారు తిట్టుగా వాడిన మాటను అక్కడి పెద్దలు గర్వంగా అంటున్నారంటే, మాట చేతులు మారిందన్నమాట. దాన్ని ‘తిరుగుబాటు’ అని దిద్దకండి.

మీరు అడగనిది ఒకటి. ‘విప్లవానికి కారణాలు, ఫలితాలు’ అని శీర్షికలు కనిపిస్తుంటాయి. ‘కి’ కారణానికి నప్పుతుంది, ఫలితానికి నప్పదు. ‘విప్లవానికి ఫలితాలు’ అని విడిగా ఎవరూ అనరుగా. ‘విప్లవం: కారణాలు, ఫలితాలు’ అంటే పేచీ లేదు.

ఫలితం దారిలో ఎక్కడైనా చేతికందేది. పర్యవసానం అంటే చివరికి తేలేది, అందులో కాస్త చేదు కూడా ధ్వనిస్తుంది. 1789 ఆగస్టు 4 రాత్రి ప్రభువుల ప్రత్యేక హక్కులు పోవడం ఫలితం. రాజు వద్దన్న దేశంలో 1804లో నెపోలియన్ చక్రవర్తి కావడం పర్యవసానం. రైతుబజారులో మీరు కిలో వంకాయలు అడుగుతారు చూడండి, ఆ కొలతలకు 1795లో చట్టం చేసింది కూడా విప్లవ ప్రభుత్వమే. దాన్ని మాత్రం ఎవరూ పర్యవసానం అనరు, ఫలితమే.