తనకు మాలిన ధర్మం – ఎవరికి చెప్పిన మాట?

సందేహం: మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూతురికి ఇంటర్ ఫీజు కట్టడానికి తలా కొంత వేసుకుందామని వాట్సాప్ గ్రూపులో అడిగాం. ఒకాయన ‘తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం’ అని పెట్టారు. ఇంకొకరు ‘అపాత్రదానం’ అన్నారు. ‘మాలిన’ అంటే ఏమిటి? ఆ సామెత ఇక్కడ నప్పుతుందా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

సమాధానం: నప్పదు.

‘మాలు’ అనే క్రియకు లేకపోవడం, కొరవడటం అని అర్థం. విడి క్రియగా దాన్ని మనం మరిచిపోయాం గాని, దిక్కుమాలిన, సిగ్గుమాలిన అని రోజూ అంటూనే ఉన్నాం. ‘తనకు మాలిన ధర్మం’ అంటే తనకంటూ ఏమీ మిగలకుండా చేసే ధర్మం.

అసలు చిక్కు రెండో సగంలో ఉంది. చాలామంది ‘చెడ్డ బేరం’ అని కలిపి చదివి, దానం దండగ అని తేల్చేస్తారు. కలిపి చదవాల్సింది ‘మొదలు చెడ్డ’ అని. మొదలు అంటే ఇక్కడ పెట్టుబడి. ‘లాభం సంగతి దేవుడెరుగు, మొదలుకే మోసం వచ్చింది’ అంటామే, ఆ మొదలు. చెడ్డ అంటే చెడిన, పోయిన. వెరసి, పెట్టుబడి పోగొట్టుకున్న వ్యాపారం. బేగంబజారులో కిరాణా వ్యాపారి లాభంలోంచి ఎంత ధర్మం చేసినా దుకాణం నడుస్తుంది. సరుకు తేవాల్సిన డబ్బు గల్లాపెట్టెలోంచి తీసి ఇచ్చేస్తే మర్నాటికి అరలు ఖాళీ. సామెత వద్దన్నది ఈ రెండోదాన్నే.

ఇంకో సంగతి. ఇది చెయ్యి చాచినవారి మొహాన అనే మాట కానే కాదు. శక్తికి మించి ఇచ్చేవారికి వాళ్ల మేలు కోరేవారు చెప్పేది. స్నేహితుడు పాడుకున్న చిట్టీకి జామీను సంతకం పెట్టి, అతను కట్టకపోతే తన జీతంలోంచి కట్టుకుంటున్న మనిషిని ఇంట్లో పెద్దవాళ్లు ఈ సామెతతోనే మందలిస్తారు. ఆ మందలింపులో ప్రేమ ఉంది. సొంత పిల్లల ఫీజే బాకీ ఉన్నవారు తమ గురించి ఈ మాట చెప్పుకున్నా తప్పులేదు. ఐదువందలో వెయ్యో ఇస్తే ఇంట్లో ఏ లోటూ రానివారు వాడితే మాత్రం సామెతను తలకిందులు చేసినట్టే. ఇవ్వడం ఇష్టం లేకపోతే ‘ఇవ్వను’ అనవచ్చు. ‘ఇవ్వలేను’ అన్నది శక్తి లేనివారి మాట. ఉన్నవారు దాన్ని వాడుకుంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. పాతబస్తీలో అడిగినవారితో ‘మాఫ్ కరో’ (క్షమించు) అంటారు. ఇవ్వకపోయినా అందులో అడిగినవారి మీద నింద లేదు.

ఇక అపాత్రదానం. అపాత్రులకు, అంటే అర్హత లేనివారికి ఇచ్చేది తామస దానమని, అంటే అన్నిటికన్నా తక్కువ రకం దానమని భగవద్గీత 17వ అధ్యాయం 22వ శ్లోకం అంటుంది, నిజమే. అదే శ్లోకంలో ‘అసత్కృతం’, ‘అవజ్ఞాతం’ అనే మాటలూ ఉన్నాయి. ఆదరణ లేకుండా, చులకనగా ఇవ్వడమూ తామసమేనని వాటి భావం. ఆ సగాన్ని ఎవరూ ఎత్తరు. చదువుకునే పిల్లను అపాత్రురాలు అనడానికి అందులో ఏ ఆధారమూ లేదు. డబ్బు పక్కదారి పడుతుందన్న అనుమానం ఎవరికైనా ఉంటే, ఫీజు నేరుగా కాలేజీకే కట్టి, రసీదు గ్రూపులో పెట్టండి.