టెక్ సందేహాలు: వైరు ఊడితే బోర్డు మొత్తం కూలాలా?

ప్రశ్న: ఎలిక్సిర్‌లో ప్రోగ్రాం రాసి, నెర్వ్స్‌తో (ఎలిక్సిర్ ప్రోగ్రాంను బోర్డులో నడిచే సాఫ్ట్‌వేర్ మొత్తంగా, అంటే ఫర్మ్‌వేర్‌గా, కట్టే సాధనం) చిన్న బోర్డులోకి ఎక్కించాను. ఉష్ణోగ్రత చూసి హీటర్ రిలేను ఆన్, ఆఫ్ చేస్తుంది. సెన్సర్ వైరు కాస్త వదులైతే చాలు, బోర్డు రీబూట్ అవుతోంది. లేచి మళ్లీ పడుతోంది. 'క్రాష్ కానివ్వండి, అదే కోలుకుంటుంది' అంటారు కదా, మరి ఇదేమిటి?

బోర్డు మారుతుంది, సెన్సర్ మారుతుంది, ఈ ప్రశ్న మాత్రం మారడం లేదు. అందుకే ఈసారి కాస్త వివరంగా చెబుతాను.

ఎర్లాంగ్ 1986లో ఎరిక్సన్ కంపెనీలో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం మొదలైన భాష. మీ ఎలిక్సిర్ నడిచేది దాని వర్చువల్ మెషీన్ మీదే. ఒక కాల్ తెగితే తెగనీ, మిగతావన్నీ నడవాలి. 'క్రాష్ కానివ్వండి' అన్న మాట అక్కడిది. పాడైన ప్రాసెస్‌ను (ప్రోగ్రాంలో విడిగా నడిచే చిన్న పని) పోనిచ్చి, దాన్ని కనిపెట్టుకుని ఉండే సూపర్‌వైజర్ చేత కొత్తదాన్ని శుభ్రంగా మొదలుపెట్టించాలని దాని అర్థం. దేన్నీ పట్టించుకోనక్కర్లేదని కాదు. పైగా సూపర్‌వైజర్ ఓపికకూ హద్దుంది. ఎలిక్సిర్‌లో మీరేమీ మార్చకపోతే 5 సెకన్లలో 3 సార్లు లేపి చూస్తుంది. నాలుగోసారి కూడా పడితే తానూ చేతులెత్తేసి, భారం పై సూపర్‌వైజర్ మీద వేస్తుంది. అలా పైపైకి పోయి చివరికి వర్చువల్ మెషీనే ఆగిపోతే, దాన్ని లేపడానికి ఇక ఏ సూపర్‌వైజరూ ఉండదు. నెర్వ్స్‌లో అన్నిటికన్నా ముందు నడిచే ఎర్ల్‌ఇనిట్ అనే ప్రోగ్రాం అప్పుడు బోర్డును రీబూట్ చేస్తుంది.

మీరు పంపిన కోడ్‌లో జెన్‌సర్వర్ (ప్రాసెస్ రాయడానికి వాడే చట్రం) ఇనిట్‌లోనే, అంటే ప్రాసెస్ మొదలయ్యే ఫంక్షన్‌లోనే, సెన్సర్ చిప్‌ను పలకరించి, జవాబు రాకపోతే ఎర్రర్ ఇస్తున్నారు. వైరు ఊడి ఉంటే ఆ మూడు ప్రయత్నాలూ కన్ను మూసి తెరిచేలోపు అయిపోతాయి. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకున్నట్టుంది. ఇనిట్‌లో హార్డ్‌వేర్‌ను ముట్టుకోకండి. ప్రాసెస్ ముందు లేవాలి, ఆ తర్వాత సెన్సర్‌ను తెరవాలి. దొరకకపోతే 'సెన్సర్ లేదు' అని గుర్తుపెట్టుకుని, కాసేపు ఆగి మళ్లీ చూడాలి. ఆ విరామాన్ని పెంచుకుంటూ పోవాలి. ఊహించని తప్పు జరిగితే క్రాష్ కావాలి. వైరు వదులు కావడం ఊహించనిదేమీ కాదు, అది కూడా ఒక రీడింగే.

ఇంతకన్నా నన్ను కంగారుపెట్టింది మీ హీటర్. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్‌లో ఒకసారి కట్టిన విలువ మారదు, నిజమే. కానీ బోర్డు మీది పిన్నుకు ఆ సంగతి తెలియదు కదా! రిలే ఆన్‌లో ఉండగా మీ ప్రాసెస్ పడిపోతే, బోర్డును బట్టి రిలే అలాగే ఆన్‌లో ఉండిపోవచ్చు. కొత్తగా లేచిన ప్రాసెస్ మాత్రం 'ఆఫ్‌లోనే ఉంది' అనుకుని తన లెక్క మొదలుపెడుతుంది. లేవగానే పిన్నును ఆఫ్ చేయడం మొదటి పని కావాలి. అది చేసినా సరే, వేడి ఎక్కువైతే దానంతటదే కరెంటు తెంచే థర్మల్ ఫ్యూజు హీటర్ లైన్‌లో ఉండాలి. ఆ బాధ్యత ఏ భాషకూ అప్పజెప్పకండి.

ప్రశ్న: ఎర్లాంగ్ ఎస్‌ఎస్‌హెచ్‌లో (దూరం నుంచి పరికరంలోకి లాగిన్ అయ్యే దారి) పెద్ద లోపం బయటపడిందని చదివాను. ల్యాప్‌టాప్‌లో ఎర్లాంగ్‌ను వెంటనే అప్‌డేట్ చేశాను. నా పరికరాలకు ఇక భయం లేనట్టేనా?

ఉంది. మీ ల్యాప్‌టాప్ బాగుపడింది, పరికరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఆ లోపం సంగతి తేలిగ్గా తీసుకునేది కాదు. 2025 ఏప్రిల్‌లో బయటపెట్టిన సీవీఈ-2025-32433 అది (సీవీఈ అంటే బయటపడ్డ లోపాలకు ఇచ్చే నంబర్). తీవ్రత 10కి 10. జర్మనీలోని రూర్ యూనివర్సిటీ బోఖుమ్ పరిశోధకులు పట్టుకున్నారు. ఎర్లాంగ్‌తో వచ్చే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్, అవతలివాడు ఎవరో తేల్చుకోకముందే, లాగిన్ అయ్యాక మాత్రమే వినాల్సిన ఆదేశాలను వినేసేది. పాస్‌వర్డ్ అక్కర్లేదు, కీ అక్కర్లేదు. ఆ పోర్టు దాకా రాగలిగితే చాలు, లోపల ఏ కోడ్ అయినా నడిపించొచ్చు. నెర్వ్స్ పరికరంలో మీరు టెర్మినల్ తెరిచేదీ, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించేదీ సాధారణంగా ఈ ఎస్‌ఎస్‌హెచ్ ద్వారానే. పైగా మీరు ప్రత్యేకంగా మార్చకపోతే అక్కడ ప్రోగ్రాం అంతా రూట్ అధికారంతో నడుస్తుంది. అంటే తలుపు దాటినవాడికి ఇల్లంతా తనదే.

చాలామంది పొరపడేది ఇక్కడే. పరికరంలో నడిచే ఎర్లాంగ్ మీ ల్యాప్‌టాప్‌లోది కాదు. అది మీ బోర్డుకు సరిపడే నెర్వ్స్ సిస్టమ్ ప్యాకేజీలో ముందే కట్టి ఉంటుంది. ఆ ప్యాకేజీ కొత్త వెర్షన్‌కు వెళ్లాలి, ఫర్మ్‌వేర్ మళ్లీ తయారుచేయాలి, ప్రతి పరికరానికీ పంపాలి. లోపం సరిదిద్దిన వెర్షన్లు ఓటీపీ 27.3.3, 26.2.5.11, 25.3.2.20. ఇక్కడ ఓటీపీ అంటే ఫోన్‌కు వచ్చే నంబర్ కాదు, ఎర్లాంగ్‌తో కలిసి వచ్చే లైబ్రరీల కట్ట (ఈ సందేహంతో కూడా ఉత్తరాలొచ్చాయి). పరికరంలోకే వెళ్లి అక్కడ ఏ వెర్షన్ ఉందో కళ్లారా చూసుకోండి. బయట నెట్‌వర్క్ నుంచి ఆ పోర్టు కనబడుతుంటే ముందు దాన్ని మూసి, తర్వాత మిగతా మాట.

ఇంకో తలుపు గురించి ఎవరూ అడగరు, నేనే చెబుతాను. రెండు పరికరాల్లోని ఎర్లాంగ్‌లను నేరుగా కలిపే సౌకర్యం చూడముచ్చటగా ఉంటుంది. పక్క పరికరంలోని ఫంక్షన్‌ను మన దగ్గరి నుంచే పిలవొచ్చు. దానికి కాపలా 'కుకీ' అనే చిన్న మాట. అది రెండు ఎర్లాంగ్‌లు పొరపాటున కలిసిపోకుండా పెట్టిన గుర్తే తప్ప తాళం కాదు. ఆ మాట తెలిసినవాడు ఏ ఫంక్షన్ అయినా పిలవగలడు. మీరు టీఎల్‌ఎస్ (నెట్‌వర్క్ మీది మాటలను గుప్తంగా పంపే పద్ధతి) పెట్టుకోకపోతే ఆ సంభాషణ ఎన్‌క్రిప్ట్ కూడా కాదు. అమ్మిన ప్రతి పరికరంలోనూ ఒకే కుకీ పెట్టి, ఈ ఎర్లాంగ్‌లు ఒకదాన్నొకటి వెతుక్కునే 4369 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి వదిలేవాళ్లను ఏమనాలో నాకు తెలియడం లేదు. ఒక పరికరం విప్పి మెమరీ కార్డు చదివితే అన్నిటి గుట్టూ బయటపడుతుంది. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కెమెరాలను, రౌటర్లను గుంపులుగా లోబరుచుకుంది ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే. అందమైన భాషలో రాసినంత మాత్రాన ఆ జబ్బు రాదనుకుంటే ఎలా?

ప్రశ్న: కరెంటు పోయి వచ్చాక పరికరం సర్వర్‌కు కనెక్ట్ కావడం లేదు. సర్టిఫికెట్ చెల్లదంటోంది. తనిఖీ తీసేస్తే పనిచేస్తోంది.

తీసేసిన తనిఖీని ముందు తిరిగి పెట్టండి. బ్యాటరీతో నడిచే గడియారం లేని బోర్డు లేవగానే పాత తేదీ చూపిస్తుంది. ఆ తేదీకి మీ సర్వర్ సర్టిఫికెట్ (సర్వర్ తానెవరో చూపే గుర్తింపు పత్రం) ఇంకా పుట్టలేదు. సమయం సర్దుకునేదాకా ఆగి, ఆ తర్వాత కనెక్ట్ చేయండి. ఎర్లాంగ్ ఓటీపీ 26కి ముందు టీఎల్‌ఎస్ క్లయింటు, మనం అడిగితే తప్ప, సర్టిఫికెట్‌ను తనిఖీ చేసేది కాదు. కొత్త వెర్షన్‌కు మారాక 'పాడైంది' అంటున్నవారిలో కొందరిది అసలు ఎప్పుడూ సురక్షితంగా లేని కనెక్షన్.

ప్రశ్న: అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే పరికరం పనికిరాకుండా పోతుందా?

నెర్వ్స్‌లో పోదు. మెమరీలో రెండు భాగాలుంటాయి. ఒకదాని నుంచి నడుస్తూ రెండోదానిలో కొత్త ఫర్మ్‌వేర్ రాస్తుంది, పూర్తిగా రాశాకే అటు మారుతుంది. మధ్యలో ఆగితే పాతదానితోనే లేస్తుంది. ఇదేమీ నిన్నమొన్న కనిపెట్టిన కిటుకు కాదు. అయినా డబ్బు పోసి కొన్న పరికరాలు ఇప్పటికీ 'అప్‌డేట్ జరుగుతోంది, పవర్ తీయవద్దు' అని బతిమాలుతుంటాయి. కరెంటు పోవడం వాడేవాడి తప్పా? ఆ ఒక్క వాక్యం, మేము రెండో భాగానికి సరిపడా మెమరీ పెట్టలేదని తయారీదారు తన నోటితో ఒప్పుకోవడమే. కొన్ని టీవీలు, రౌటర్లు అయితే వద్దన్నా అప్‌డేట్ వేసుకుని, ఉన్న సౌకర్యం ఊడగొట్టి, వెనక్కి వెళ్లే దారి కూడా లేకుండా చేస్తాయి. ఖాళీ సమయంలో బోర్డు మీద సరదాగా చేసుకున్న మీటరుకు ఉన్న పాటి ఇంగితం వాటికి లేదు.

అన్నట్టు, మీ పరికరం విషయంలో ఒకటి చూసుకోండి. కొత్త ఫర్మ్‌వేర్ లేవగానే 'బాగుంది' అని ముద్ర వేయనివ్వకండి. సర్వర్‌తో ఒకసారి మాట్లాడి, మరో అప్‌డేట్ అందుకోగలనని తేలాకే ఆ ముద్ర పడాలి. లేకపోతే వైఫై పనిచేయని ఫర్మ్‌వేర్ కూడా చక్కగా బూట్ అయి, తాను బాగున్నానని రాసుకుని, పాతదానికి వెనక్కి వెళ్లకుండా కూర్చుంటుంది. అప్పుడు నిచ్చెన వేసుకుని మీరే వెళ్లాలి.