ఉప్పెన గొంతులు: దివిసీమకు వెళ్తున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

దివిసీమ ఉప్పెన చూసినవాళ్ల మాటలు రికార్డు చేసి డిజిటల్‌గా భద్రపరుస్తానన్నావు. చాలా సంతోషం. ఆ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 నాటికి పదేళ్ల పిల్లలైనవాళ్లకే ఇప్పుడు అరవై దగ్గరపడుతున్నాయి. అందుకని వెబ్‌సైటు సంగతి తర్వాత చూసుకో, ముందు గొంతులు పట్టుకో. నాగాయలంక, కోడూరు వైపు సొర్లగొంది, హంసలదీవి లాంటి ఊళ్లలో ఎనభై దాటినవాళ్లెవరో కనుక్కుని వాళ్లతో మొదలుపెట్టు.

చిన్న రికార్డరు, కాలరు మైకు, దానికి గాలి చప్పుడు ఆపే బొచ్చు తొడుగు చాలు. రికార్డరు సెట్టింగుల్లో 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ (WAV, శబ్దాన్ని కుదించకుండా దాచే రకం) ఫైలు పెట్టుకో. ఒకే ఛానెల్ అయితే గంటకు సుమారు 520 ఎంబీ అవుతుంది. మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. పైట రాసుకున్నా, మెడలో గొలుసు తగిలినా ఆ గరగర తర్వాత ఏ సాఫ్ట్‌వేరుతోనూ పూర్తిగా పోదు. మామూలుగా మాట్లాడేటప్పుడు రికార్డరులో శబ్దం స్థాయి చూపే మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూసుకో. ఏడుపొచ్చినప్పుడు గొంతు ఒక్కసారిగా లేస్తుంది, ఆ ఖాళీ దానికోసం. ఫ్యాను ఆపమని అడుగు, కానీ మధ్యాహ్నం పూట పెద్దవాళ్లను ఉక్కలో కూర్చోబెట్టకు. పొద్దున్నే వెళ్లు.

అడగడమే అసలు పని. చాలామందికి 1977 ఉప్పెన, 1990 మే తుఫాను జ్ఞాపకాల్లో కలిసిపోతాయి. తారీఖు అడిగితే తేలదు. "చేలో వరి కోతకొచ్చిందా? దీపావళి వెళ్లిందా?" అని అడుగు. నవంబరుదో, ఎండాకాలందో అక్కడే తెలిసిపోతుంది. పొరపాటు చెప్పినా మధ్యలో సరిదిద్దొద్దు, నోట్సులో రాసుకో. నీళ్లు "ఇంత ఎత్తు" వచ్చాయని చెయ్యెత్తి చూపిస్తారు. రికార్డులో ఆ చెయ్యి కనపడదు. "మీ భుజం దాకానా?" అని నువ్వు పైకి అనాలి. గోడ మీదో చెట్టు మీదో చూపిస్తే టేపు పెట్టి కొలువు. చనిపోయినవారి లెక్క పదివేల దగ్గర మొదలై, చెప్పేవారిని బట్టి పెరుగుతుంది. దాన్ని తేల్చడానికి నువ్వు వెళ్లడం లేదు. ఆ ఇంట్లో ఎవరు పోయారు, ఎవరు మిగిలారు, మళ్లీ పొయ్యి ఎప్పుడు వెలిగింది, అవి అడుగు. "అప్పుడు మీకెలా అనిపించింది?" అని మాత్రం అడగొద్దు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఆ మాట అడగడం క్రూరం. ఆమె ఆగితే నువ్వూ ఆగు. ఆ మౌనాన్ని తర్వాత కత్తిరించకు.

ఆ రాత్రే కార్డులోంచి ఫైళ్లు దింపి మూడు కాపీలు చెయ్యి. రెండు వేర్వేరు డిస్కుల్లో, మూడోది వేరే ఊళ్లో ఉండాలి. సముద్రం పక్క ఊళ్లకు ఉప్పు గాలి తప్పదు, కనెక్టర్లు తుప్పు పడతాయి. చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి సాఫ్ట్‌వేరు లెక్కగట్టే గుర్తు సంఖ్య) తీసిపెట్టుకుంటే ఫైలు చెడిందో లేదో తర్వాత తెలుస్తుంది. అసలు ఫైలును వాట్సాప్‌లో పంపొద్దు, నాణ్యత తగ్గిపోవచ్చు. ఫైలు పేరులో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు మాత్రమే వాడు, ఖాళీలు వద్దు. లోపలి వివరాలు మాత్రం తెలుగులో, యూనికోడ్‌లోనే రాయి. యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో టైపు చేసింది రేపు వెతికితే దొరకదు.

గంట మాటలు రాతలో పెట్టడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. యంత్రం రాసిచ్చినదాన్ని నమ్మి వదిలేయకు, దివిసీమ యాసలో ఊరి పేర్లూ వల పేర్లూ అది తప్పు రాస్తుంది. వాళ్లు "పెద్ద కెరటం" అంటే నువ్వు "జలప్రళయం" అని దిద్దకు.

అనుమతి కాగితం చదివి వినిపించు, సరేనన్న మాట కూడా రికార్డు చెయ్యి. అందరూ వినవచ్చా, ఇంటివాళ్లేనా, కొన్నేళ్ల తర్వాతనా అన్నది వాళ్లే చెప్పాలి. సహాయం పంపిణీలో ఎవరికి ముందు అందింది, ఎవరిని వెనక నిలబెట్టారు అన్న మాటలొస్తే, బతికున్నవాళ్ల పేర్లున్న భాగం రికార్డులో ఎన్నో నిమిషంలో ఉందో రాసి విడిగా ఉంచు. వారం తర్వాత మళ్లీ వెళ్లు. ఎంపీ3 కాపీ వాళ్ల పిల్లల ఫోనులో వేసి, పెద్దాయన పక్కన కూర్చుని మొత్తం వినిపించి, అప్పుడు ఇంకోసారి అడుగు. వద్దంటే తీసెయ్యి.