నెహెమ్యా గ్రంథాన్ని ఆచరణలో పెట్టాలంటే గోడ దగ్గర ఆగిపోకూడదు

ప్రశ్న: మా సంఘంలో నెహెమ్యా గ్రంథం మీద వరుసగా ప్రసంగాలు జరిగాయి. వింటున్నంతసేపు బాగానే ఉంది. ఇంటికొచ్చాక చూస్తే "ప్రార్థన చేయాలి, ఐక్యంగా పనిచేయాలి" అన్నది తప్ప చేతికి ఏమీ తగల్లేదు. ఇలాంటి పాత నిబంధన గ్రంథాన్ని ఈ కాలపు విశ్వాసి నిజంగా ఎలా ఆచరించాలి?

జవాబు: ప్రసంగాలు ఆరో అధ్యాయంతో ముగిసి ఉంటాయి. చాలాచోట్ల జరిగేది అదే. నెహెమ్యా కట్టించిన యెరూషలేము గోడ 52 రోజుల్లో పూర్తయింది (6:15), అందరూ స్తోత్రం చెప్పారు, వరుస అయిపోయింది. కానీ గ్రంథంలో ఇంకా ఏడు అధ్యాయాలు మిగిలే ఉన్నాయి. మన జీవితాలకి సూటిగా తగిలే మాటల్లో సగం అక్కడే ఉన్నాయి. మిగతా సగం ఐదో అధ్యాయంలో ఉంది. గోడ కట్టే హడావిడిలో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

ముందుగా ఒక్కసారి కూర్చున్నప్పుడే 13 అధ్యాయాలూ చదవండి. పేర్ల పట్టికలు వేగంగా దాటేస్తే గంట, గంటన్నర పడుతుంది. ఆ తర్వాత 10వ అధ్యాయాన్నీ 13వ అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టుకుని మళ్ళీ చదవండి. పదిలో ప్రజలు ముద్ర వేసి మరీ ఒట్టు పెట్టుకున్నారు. అన్యజనులతో వియ్యమందం (10:30), విశ్రాంతిదినాన సరుకు కొనం (10:31), దేవుని మందిరాన్ని వదిలేయం (10:39) అన్నారు. ఏటా తులంలో మూడోవంతు ఇస్తామనీ, బలిపీఠానికి కట్టెలు ఎవరు ఎప్పుడు తేవాలో చీట్లు వేసుకున్నామనీ కూడా రాసుకున్నారు. నెహెమ్యా పారసీక రాజు అర్తహషస్త 32వ ఏట, అంటే క్రీ.పూ. 433లో, రాజు దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చేసరికి ముఖ్యమైన మూడు ఒట్లూ గట్టు మీద ఉన్నాయి. గోడ పనిని అడ్డుకున్న టోబీయా మందిరపు గదిలోనే కాపురం పెట్టాడు. మందిర సేవ చేసే లేవీయులు భాగాలు అందక పొలాలకు వెళ్ళిపోయారు. విశ్రాంతిదినాన ద్రాక్షగానుగలు తొక్కుతున్నారు. పెళ్ళిళ్ళు మళ్ళీ మొదటికొచ్చాయి.

ఈ గ్రంథాన్ని అన్వయించుకోవడమంటే ఈ రెండు అధ్యాయాల మధ్య ఏం తెగిపోయిందో కనిపెట్టడమే. ఉజ్జీవ కూటాల్లో చేతులెత్తి తీర్మానాలు చేసుకున్న ప్రతివారికీ ఆ తెగే చోటు తెలుసు.

డబ్బుతో మొదలుపెడతాను.

టోబీయా గదిలోకి దొంగతనంగా దూరలేదు. ఆ గదుల మీద అధికారం ఉన్న యాజకుడు ఎల్యాషీబే అతనికి బంధువు (13:4). యూదా పెద్దలతోనూ టోబీయాకు వియ్యాలు, ఉత్తరాల రాకపోకలు ఉన్నాయి (6:17-18). గది ఖాళీగా ఉండబట్టి, అడిగేవాళ్ళు లేకపోబట్టి, తాళం చెవి ఒక్కడి చేతిలోనే ఉండబట్టి ఇచ్చేసి ఉంటాడు. నెహెమ్యా సామాను బయట పారేయించి ఊరుకోలేదు. 13:13లో మందిరపు కొట్ల మీద నలుగురిని పెట్టాడు: యాజకుడు షెలెమ్యా, శాస్త్రి సాదోకు, లేవీయుడు పెదాయా, వాళ్ళకి సాయంగా హానాను. ఒకరు బలిపీఠం దగ్గరివారు, ఒకరు రాత, లెక్క తెలిసినవారు, ఒకరు ఆ భాగం అందాల్సిన వర్గంవారు. ఆ వచనమే కారణం కూడా చెబుతుంది: వీళ్ళు నమ్మకస్తులని పేరున్నవాళ్ళు. నమ్మకస్తులైనా ఒక్కరిని పెట్టలేదు, గమనించండి.

దీన్ని మీ సంఘంలోకి తెస్తే ఇలా ఉంటుంది. కానుక సంచి ఆరాధన అయిన వెంటనే, అక్కడే, ఇద్దరు లెక్కపెట్టాలి. ఆ ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళు కాకూడదు. మొత్తం పుస్తకంలో అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసి ఇద్దరూ సంతకం చేయాలి. సోమవారం బ్యాంకులో వేయాలి. బ్యాంకు నుంచి తీయడానికి రెండు సంతకాలు ఉండాలి. నెలకోసారి జమ, ఖర్చు, నిల్వ, ఈ మూడు అంకెలూ సంఘం ముందు చదవాలి. పాస్టరుగారి భార్య లేదా కొడుకు ఒక్కరే కోశాధికారిగా ఉంటే, వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే, ఎల్యాషీబు ఏర్పాటే అది. గాడి తప్పేది సాధారణంగా ఎక్కడంటే "ఈ వారం అర్జెంటు" అంటూ సంచిలోంచి నేరుగా ఖర్చు పెట్టడం దగ్గర. అలా రెండుసార్లు జరిగితే మూడోసారి పుస్తకం ఎవరూ తెరవరు.

ఇందులోనే రెండో వైపు కూడా ఉంది, దాన్ని సంఘపెద్దలు చదవరు. లేవీయులు పొలాలకు పారిపోయింది భక్తి తగ్గి కాదు, వాళ్ళ భాగాలు ఇవ్వకపోవడం వల్ల (13:10). సేవకుడు పక్కన వేరే పని చూసుకుంటున్నాడని గొణిగేముందు నెలకి ఆయన చేతికి ఎంత అందుతోందో లెక్క చూడండి. అయితే ఇక్కడి నుంచి గెంతేసి "దశమభాగం ఇవ్వకపోతే శాపం" అనేయడం సరికాదు. ఇశ్రాయేలులో దశమభాగం ధర్మశాస్త్రపు ఏర్పాటు, భూమి వాటా లేని లేవీయుల కోసం పెట్టింది. కొత్త నిబంధన సంఘానికి పౌలు 2 కొరింథీ 9:7లో చెప్పింది సణగకుండా, బలవంతం లేకుండా, మనసులో నిశ్చయించుకున్నంత ఇవ్వమని. పదోవంతు మంచి మొదలు కావచ్చు. అప్పుల్లో మునిగినవాడి మెడ మీద కత్తి మాత్రం కాకూడదు.

అప్పుల మాట వచ్చింది కాబట్టి ఐదో అధ్యాయం చూద్దాం. నా దృష్టిలో మొత్తం గ్రంథంలో మన ఊళ్ళకి అతి దగ్గరగా ఉన్నది ఇదే. కరవులో జనం ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్ళు కుదువ పెట్టారు. రాజుకి పన్ను కట్టడానికి అప్పు చేశారు. పిల్లల్ని దాస్యానికి అప్పగించారు. అప్పిచ్చింది పరాయివాళ్ళు కాదు, పక్కన నిలబడి గోడ కడుతున్న సొంత సహోదరులే. 5:11లో నెహెమ్యా తిరిగి ఇచ్చేయమన్న వాటిలో "నూరవ భాగం" ఉంది. అది నెలకని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అలా చూస్తే మన భాషలో రూపాయి వడ్డీ, ఏడాదికి నూటికి 12. మన దగ్గర రూపాయి వడ్డీకి అప్పు పుట్టిందంటే "ధర్మాత్ముడు" అంటారు. నెహెమ్యా దాన్నే వెనక్కి ఇప్పించాడు.

లెక్క వేసి చూడండి. ఒక విశ్వాసి సాటి విశ్వాసికి 20,000 మూడు రూపాయల వడ్డీకి ఇచ్చాడనుకుందాం. నెలకి 600, ఏడాదికి 7,200. 34వ నెలలో వడ్డీయే అసలుని దాటేస్తుంది, అసలు మాత్రం అలాగే ఉంటుంది. ఈ ఇద్దరూ ఆదివారం ఒకే ప్రభువు బల్లలో చెయ్యి వేస్తారు.

ధర్మశాస్త్రం ఏం నిషేధించిందో సరిగ్గా పట్టుకోవాలి. నిర్గమ 22:25, లేవీయ 25:35-37 రెండూ బీదపడిపోయిన సహోదరుడి గురించి మాట్లాడతాయి. వ్యాపారానికి పెట్టుబడి అడిగినవాడికీ ఆసుపత్రి బిల్లుకి చెయ్యి చాచినవాడికీ తేడా ఉంది. కాబట్టి బ్యాంకు వడ్డీ పాపమా అని తల పట్టుకోనక్కర్లేదు. మీ దగ్గర ఎవరైనా అవసరానికి తీసుకున్న బాకీల జాబితా రాసుకోండి. పేరు, అసలు, ఇప్పటిదాకా వచ్చిన వడ్డీ, ఎందుకు తీసుకున్నారు అన్నది రాయండి. వైద్యం, తిండి, చావు ఖర్చు, పిల్లల ఫీజు అని రాసిన ప్రతి వరుసలోనూ ఈ నెల నుంచి వడ్డీ ఆపండి. వచ్చిన వడ్డీ అసలుకి చేరువైతే దాన్ని అసలు కింద జమ కట్టండి. కాగితం రాసుకోవడం తప్పు కాదు, నెహెమ్యా కూడా యాజకులను పిలిచి అప్పులిచ్చినవాళ్ళ చేత ప్రమాణం చేయించాడు (5:12). బంగారమో పట్టాదారు పాసుపుస్తకమో తాకట్టు ఉంటే, బాకీ ఎంత తగ్గితే దాన్ని ఇచ్చేస్తారో ముందే చెప్పండి. ఇంకో విషయం: 5:10 ప్రకారం నెహెమ్యా, ఆయన బంధువులు, సేవకులు కూడా అప్పులు ఇచ్చినవాళ్ళే. "మనం ఈ వడ్డీ మానేద్దాం" అన్నాడు గానీ "మీరు మానేయండి" అని ఊరుకోలేదు.

విశ్రాంతిదినం గురించి తొందరగా చెప్పేస్తాను. ఆదివారం, సబ్బాతు (యూదుల శనివారపు విశ్రాంతిదినం) ఒకటి కాదు. కొలొస్సయి 2:16, రోమా 14:5 చదివినవాళ్ళు దాన్ని పక్కవాడి మీద రుద్దరు. కానీ నెహెమ్యా చేసిన పద్ధతి పనికొస్తుంది. ఆయన సరుకు అమ్మేవాళ్ళను హెచ్చరించి ఊరుకోలేదు, ముందురోజు చీకటి పడేటప్పుడే గుమ్మాలు వేయించాడు (13:19). ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఇస్త్రీ, టిఫిను, పిల్లల మేజోళ్ళు వెతుక్కునే ఇంట్లో సమస్య ఆదివారానిది కాదు, శనివారం సాయంత్రానిది. అలాగే నిర్గమ 20:10 దాసదాసీలకు కూడా విశ్రాంతి ఇమ్మంటుంది. మీ ఇంట్లో పనిచేసే ఆమెకి జీతం కోత లేని వారపు సెలవు ఉందా అన్నది ఈ అధ్యాయం అడిగే ప్రశ్న. ఆరాధనకు వెళ్ళారా లేదా అన్నదొక్కటే కాదు.

ఇక తప్పుగా వాడే చోట్లు. ఇవి తెలియకపోతే అన్వయం చెడిపోతుంది.

పెళ్ళిళ్ళ భాగం (13:23-27) చూపించి కులాంతర వివాహం వద్దనేవాళ్ళున్నారు. అక్కడ సమస్య కులం కాదు, జాతి కూడా కాదు. సొలొమోను ఉదాహరణ ఎందుకు తెచ్చాడో చూడండి, అన్యస్త్రీలు అతని చేత పాపం చేయించారు, అంటే ఆరాధన పక్కదారి పట్టింది. మోయాబీయురాలైన రూతు దావీదుకి ముత్తవ్వ, మత్తయి 1:5లో యేసు వంశావళిలో ఆమె పేరుంది. కాబట్టి సంబంధం చూసేటప్పుడు ఈ వచనం అడిగేది అబ్బాయి విశ్వాసం గురించి. సంఘంలో ఉంటూ కులం కలిస్తేనే అబ్బాయి ఫోటో తీసుకునేవాళ్ళకి ఇందులో ఏ ఆసరా లేదు. ఇప్పటికే అవిశ్వాసితో పెళ్ళయి ఉంటే 1 కొరింథీ 7:12-14 చదవండి, విడిచిపెట్టవద్దనే ఉంది. ఎజ్రా 10లో భార్యలను పంపించేసిన సంఘటనను ఆజ్ఞగా తీసుకోకూడదు.

నెహెమ్యా కొందరిని కొట్టి తలవెంట్రుకలు పెరికాడు (13:25). గ్రంథం జరిగింది చెప్పింది, అలా చేయమని మనకి చెప్పలేదు. పైగా ఆయన రాజు నియమించిన అధిపతి. మీరు గుంపు నాయకులు, అంతే.

కానుకలు ఎలా ఖర్చయ్యాయని అడిగినవాణ్ణి "సన్బల్లటు ఆత్మ" అనడం అన్నిటికంటే హానికరం. సన్బల్లటు బయటివాడు, పని ఆపడానికి వచ్చాడు. ఐదో అధ్యాయంలో మొరపెట్టినవాళ్ళు లోపలివాళ్ళు. నెహెమ్యాకి కోపం వచ్చింది నిజమే, కానీ మొరపెట్టినవాళ్ళ మీద కాదు. మందిర నిర్మాణ నిధికి ఈ గ్రంథాన్ని ఎత్తుకునే పాస్టర్లు 5:14-18 కూడా చదవాలి. పన్నెండేళ్ళు అధిపతిగా ఉండి తనకు రావాల్సిన భత్యం తీసుకోలేదు, తన బల్ల దగ్గర 150 మందికి తిండి పెట్టాడు.

8:10లో "యెహోవాయందు ఆనందించుట" అన్న మాట ప్రతి క్యాలెండరు మీదా ఉంటుంది. అదే వచనంలో ఏమీ సిద్ధం చేసుకోలేనివాళ్ళకి భాగాలు పంపమని కూడా ఉంది. అది క్యాలెండరులో పట్టదు కాబోలు. క్రిస్మస్‌కి వండే బిర్యానీలో నాలుగు డబ్బాలు ముందే పక్కన తీసి పెట్టి, ఎవరింటికి ఏది వెళ్ళాలో పేర్లు రాసి పెట్టడం ఈ వచనానికి మంచి ఆచరణ. మిగిలితే పంపుదామనుకుంటే మిగలదు.

గుంపుగా చదవాలనుకుంటే ఆరు వారాలు చాలు: 1-2, 3-4, 5, 6-8, 9-10, 11-13. ఐదో అధ్యాయానికి పూర్తిగా ఒక వారం వదలండి. ప్రతి వారం చివర ఒక్కొక్కరూ ఒకే వాక్యం రాసుకోవాలి. అందులో ఒక మనిషి, ఒక అంకె లేదా ఒక తేదీ ఉండాలి. "ప్రేమగా ఉంటాను" అని రాస్తే చెల్లదు. మూడు నెలల తర్వాత ఆ కాగితాలు తెచ్చుకుని ఏవి తెగిపోయాయో, ఎందుకు తెగిపోయాయో మాట్లాడుకోండి. 13వ అధ్యాయం పని అప్పుడు మొదలవుతుంది.

ఐదో అధ్యాయం వారం మాత్రం ఒక జాగ్రత్త. అప్పిచ్చినవాళ్ళూ తీసుకున్నవాళ్ళూ అదే చాప మీద కూర్చుని ఉంటారు. "ఎవరికైనా వడ్డీ బాధ ఉందా" అని అందరిలో అడిగితే తీసుకున్నవాడు సిగ్గుతో తల దించుకుంటాడు, వచ్చే వారం రాడు. నెహెమ్యా మొర విన్నాక ముందు తనలో తాను ఆలోచించుకున్నాడు, తర్వాత పెద్దలను నిలదీశాడు, ఆ తర్వాతే సమాజాన్ని పిలిచాడు (5:7). మీరూ ఆ వరుసలోనే వెళ్ళండి. గుంపు కూడకముందే, అప్పులిచ్చే వాళ్ళింటికి ఒక సాయంత్రం విడిగా వెళ్ళి మాట్లాడండి.