ఐదో తరగతి పాపను బడి మాన్పించి నవోదయ కోచింగ్‌లో చేర్పించాలా?

"మా పాప ఐదో తరగతికి వచ్చింది. పేరు బళ్లో ఉంచి, పాపను మాత్రం నవోదయ (ఆరో తరగతి నుంచి ఉండే కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి) పరీక్ష కోచింగ్‌కి పంపమంటున్నారు. పంపమంటారా?" అని అడిగారు. వద్దండి. నేను ప్రకాశం జిల్లాలో ఇద్దరు టీచర్లున్న బళ్లో పనిచేస్తున్నాను. మూడు, నాలుగు, ఐదు తరగతులు నా గదిలోనే. ప్రైమరీ బళ్లో ఐదో తరగతి వాళ్లే అందరికంటే పెద్దవాళ్లు. ఆ పెద్దరికం వాళ్లకు నేర్పేది గైడ్లు నేర్పలేవు.

మా బళ్లో పొద్దున ప్రార్థన నడిపేది వాళ్లే. ఒకరు ప్రతిజ్ఞ చెప్పిస్తారు, ఒకరు పేపర్లోంచి నాలుగు వార్తలు చదువుతారు, ఒకరు బోర్డు మీద తేదీ, హాజరు రాస్తారు. ఆ ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులోనే రాశారని చెప్పిన రోజున పిల్లలు ఎంత గట్టిగా చెప్పారో! తర్వాత నేను మూడో తరగతికి ఎక్కాలు చెప్తుంటే, ఐదో తరగతి వాళ్లు తలా ఇద్దరు నాలుగో తరగతి పిల్లల్ని పక్కన పెట్టుకుని పాఠం చదివిస్తారు. చిన్నవాళ్లు తప్పు చదివితే దిద్దాలి కదా, అందుకని ముందురోజే ఇంట్లో చూసుకుని వస్తారు. నేను హోంవర్క్ ఇస్తే అంత శ్రద్ధగా చేయరు.

ఒక సంగతి చెప్తాను. ఒక ఏడాది భాగహారం చెప్పాను. అందరూ బోర్డు మీద చకచకా చేసేవాళ్లు. అదే లెక్కను వాక్యాల్లో ఇస్తే "టీచర్, ఇది కూడికా, భాగహారమా?" అని మొహాలు చూసుకునేవాళ్లు. పుస్తకాలు మూయించి అందరినీ వంటగదికి తీసుకెళ్లాను. అప్పుడే 50 కిలోల బియ్యం బస్తా విప్పుతున్నారు. ఆ రోజు హాజరు 34. ప్రైమరీ పిల్లలకు తలకు 100 గ్రాముల బియ్యం లెక్క. "ఈ బస్తా ఎన్నాళ్లొస్తుంది?" అని అడిగాను. వంట చేసే ఆవిడ "రెండు వారాలొస్తుందమ్మా" అనేసింది. ఊరికే ఒప్పుకోకండి, లెక్క కట్టండన్నాను. అక్కడే గచ్చు మీద సుద్దముక్కతో మొదలుపెట్టారు. రోజుకు 3 కిలోల 400 గ్రాములు. కిలోలను గ్రాములు చేయాలని తట్టడానికే చాలాసేపు పట్టింది. నేను నోరు మెదపలేదు. చివరికి 14 వచ్చింది, శేషం 2,400. మగపిల్లలు "అయిపోయింది టీచర్" అని లేచారు. ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే ఒక పాప మాత్రం లేవలేదు. శేషం వంకే చూస్తూ, "పదిహేనో రోజు 24 మందికే వస్తాయి టీచర్. మిగతా పదిమందికి అన్నం ఎట్లా?" అంది. శేషం అంటే ఏమిటో ఆ పాప అడిగిన తీరులో నేను ఏ ట్రైనింగ్‌లోనూ వినలేదు. ఆ తర్వాత ఆ తరగతిలో వాక్యాల లెక్కకు భయపడినవాళ్లు లేరు. ఇలా నేర్చుకున్న పిల్లలు హైస్కూల్లో లెక్కలు తప్పరు, నేను రాసిస్తాను.

కానీ ఇలాంటి పూటలు మాకు మిగలనివ్వరు. హాజరు ఫొటో, భోజనం ఫొటో, అన్నీ యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ కోసం నేను గేటు దాకా వెళ్లి నిలబడితే మూడు తరగతులు ఖాళీగా కూర్చుంటాయి. 2022లో 3, 4, 5 తరగతులను దగ్గరున్న హైస్కూళ్లలో కలుపుతున్నప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇక్కడ బడి నడిపే పిల్లలు అక్కడికి పోతే పదో తరగతి వాళ్ల కాళ్ల మధ్య చిన్నపిల్లలైపోతారు.

ఇక మీ పాప సంగతి. నవోదయ తప్పకుండా రాయించండి. దరఖాస్తుకు డబ్బు కట్టక్కర్లేదు, కనీసం 75 శాతం సీట్లు పల్లెటూరి పిల్లలవే. ఆరో తరగతి ప్రవేశానికి ఒక్కసారే రాయనిస్తారు కాబట్టి ఈ ఏడాది వదులుకోకండి. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు. అందులో 20 ప్రశ్నలు పేరాలు చదివి జవాబివ్వాల్సినవి, తెలుగులోనే రాయొచ్చు. ఇంకో 20 లెక్కలు. చదివింది అర్థం చేసుకోగలిగితే ఈ రెండూ బళ్లోనే వచ్చేస్తాయి. బొమ్మలు పోల్చే 40 ప్రశ్నలకు మాత్రం అలవాటు కావాలి. దానికి దసరా సెలవుల్లో ఒక పాత ప్రశ్నపత్రాల పుస్తకం కొని రోజూ గంటసేపు కూర్చోబెట్టండి. రాత్రి పడుకునే ముందు పావుగంట మీకు పైకి చదివి వినిపించమనండి. పొద్దున తొలి గంటకల్లా బళ్లో ఉండేట్టు చూడండి.